పల్లీలు ఏరేస్తే సరిపోదు తమ్ముడూ

మొన్న సోమవారం మధ్యాహ్నం మా అపార్ట్‌మెంట్ల పార్కింగ్‌లో ఓ తమ్ముడు బిక్కమొహం వేసుకుని కనబడ్డాడు. గుంటూరు వైపు నుంచి అమెరికా వచ్చి ఆరు వారాలైంది. రెండో తరగతి చదివే పాపకి పులిహోర కట్టిచ్చారట, పల్లీలున్నది ఎందుకు పంపారని స్కూలు నర్సు ఫోన్ చేసిందట. "పల్లీలన్నీ ఏరేసే పంపాం కదన్నా, ఒక్కటి కూడా లేదు!" అంటాడు.

కోపం రావాలా జాలి పడాలా తెలీలేదు నాకు. ఎందుకంటే 2016లో నేను ఇంతకంటే పెద్ద ఘనకార్యమే చేశాను.

బ్యాంకు ఖాతా, డ్రైవింగ్ లైసెన్సు, ఇల్లు అద్దెకి తీసుకోవడం, ఇవన్నీ చెప్పేవాళ్లు వీధికి పదిమంది ఉంటారు. నేను పిల్లల లంచ్ డబ్బా, అందులో పక్క పిల్లలకి ఎలర్జీ తెచ్చే తిండి గురించే చెబుతాను.

మాది అనంతపురం జిల్లా. మీరు పల్లీలంటారు, మేం చెనిక్కాయలంటాం. అవి పండించి, అమ్మి, తిని బతికిన ఇల్లు మాది. చిత్రాన్నంలో అవే, వంకాయ కూరలో ఆ పొడే, సంగటిలోకి ఊరుబిండి పచ్చడీ దాంతోనే, పోపు నూనె కూడా అదే. డాలస్ శివార్లలో మావాణ్ని ఒకటో తరగతిలో చేర్చిన వారానికే 'నట్ ఫ్రీ క్లాస్‌రూమ్', అంటే నట్స్ తేకూడని తరగతి అని కాగితం వచ్చింది. నట్స్ అంటే జీడిపప్పు, బాదం అనుకుని నిశ్చింతగా చిత్రాన్నం పెట్టి పంపాను. టీచరమ్మ పిలిచింది. వేరుశనగ నట్ కాదండీ, కందులూ పెసలూ లాంటిదే, వేళ్లకి బుడిపెలుంటాయి, నేలకి నత్రజని పడుతుంది అని ఆవిడతో పావుగంట వాదించాను. వృక్షశాస్త్రం ప్రకారం నా మాట నిజమే. ఆవిడ ఓపిగ్గా అంతా విని, "మీ అబ్బాయి పక్కన కూర్చునే పాపకి అది తగిలితే గొంతు మూసుకుపోతుంది" అంది. ఇంక నోరెత్తలేదు నేను.

ఇంటికొచ్చాక చేసింది ఇంకా పెద్ద తప్పు. ఆ రోజు మావాణ్ని వేరే బల్ల దగ్గర కూర్చోబెట్టారు. మన తిండి వాసన గిట్టక లేపేశారనుకున్నాడు వాడు. పది రోజులు డబ్బా నిండుగా తిరిగొచ్చింది. ఎందుకని ఒక్కసారీ అడక్కుండా తిట్టాను. మీరైనా ముందే కూర్చోబెట్టి చెప్పండి, ఇది వాసన గొడవ కాదు, నీ పక్కనున్న పిల్ల ప్రాణం గొడవ అని. అలా చెబితే పిల్లలకి ఇట్టే అర్థమవుతుంది. మనకే ఆలస్యం.

ఎలర్జీ తెచ్చేవాటిలో అమెరికాలో ప్యాకెట్ మీద తప్పకుండా రాయాల్సినవి తొమ్మిది: పాలు, గుడ్లు, చేపలు, రొయ్యలూ పీతలూ, జీడిపప్పు బాదం లాంటి చెట్టు గింజలు, వేరుశనగ, గోధుమ, సోయా, నువ్వులు. మొదటి ఎనిమిదీ 2004 నాటి చట్టంలో ఉన్నాయి. నువ్వులు 2023 జనవరి 1 నుంచి చేరాయి. కొబ్బరినీ చాలాకాలం చెట్టు గింజల్లోనే లెక్కేశారు, 2025 జనవరిలో ఎఫ్‌డీఏ, అంటే ఇక్కడ తిండీ మందులూ చూసే ప్రభుత్వ సంస్థ, తీసేసింది. మీ టీచరు దగ్గర ఇంకా పాత జాబితా ఉందేమో అడగండి. తొమ్మిదీ మానేయాలని కంగారు పడకండి. మీ పిల్ల తరగతిలో ఏవి వద్దో టీచరుకి ఈమెయిల్ రాసి, జవాబు దాచుకోండి. నోటిమాట నమ్ముకోవద్దు.

ఇప్పుడు అసలు సంగతి. ఎవరూ చెప్పనిది.

మన వంటింట్లో వేరుశనగ కనబడే చోట్లు తక్కువ, కనబడని చోట్లు ఎక్కువ. మొదటి దొంగ పోపుల డబ్బా. ఏడు గిన్నెలూ ఒకదానికొకటి ఆనుకుని ఉంటాయి, చెంచా మాత్రం ఒకటే. పల్లీల గిన్నెలోంచి ఆవాల గిన్నెలోకి, అక్కణ్నుంచి మినప్పప్పులోకి. మూత మీద దుమ్ములా పేరుకునేది ఏమిటనుకుంటున్నారు? రెండోది మిక్సీ జారు. నిన్న ఊరుబిండి నూరారు, కడిగారు, ఇవాళ అందులోనే ఇడ్లీ పిండి వేశారు. మూత కింద రబ్బరు చుట్టు ఊడదీసి చూడండి ఒకసారి. బ్లేడు కింద చూడండి. నేను చూశాను, ఆ రోజే డబ్బా వంటకి వేరే జారు కొన్నాను. మా ఆవిడ నాకు పిచ్చి పట్టిందంది. అనుకోనీ.

మూడోది నూనె. బాగా శుద్ధి చేసిన వేరుశనగ నూనెకి ఇక్కడి చట్టం మినహాయింపు ఇచ్చింది. కానీ సూట్‌కేసులో మనం మోసుకొచ్చింది గానుగ నూనె, దానికి ఆ మినహాయింపు లేదు. డబ్బా వంటకి సన్‌ఫ్లవర్ నూనె ఒక్కటే వాడండి. ఆవకాయలో నువ్వుల నూనె ఉంటుంది. ఇంగువ పొడిలో చాలా కంపెనీలు గోధుమ పిండి కలుపుతాయి. ఈ సంగతి తెలిశాక రెండు రాత్రులు నిద్ర పట్టలేదు నాకు. మన దుకాణాల ప్యాకెట్ల మీద 'పీనట్' అని వెతికితే దొరక్కపోవచ్చు, 'గ్రౌండ్‌నట్' అనుంటుంది. నువ్వుల నూనెకి 'జింజెల్లీ' అనుంటుంది. పొడులూ కారప్పొడులూ అమ్మ పంపినవైతే వాటికి లేబులే ఉండదు. అవి ఇంట్లో తినండి, హాయిగా తినండి, డబ్బాలోకి మాత్రం వద్దు.

శానిటైజర్ రాస్తే చేతికంటిన వేరుశనగ పోదు. పొద్దున పీనట్ బటర్ రొట్టె తిని బస్సెక్కే పిల్లకి సబ్బూ నీళ్లతో చేతులు కడిగించండి.

సరే, ఏం పెట్టాలి? ఇదంతా విని 'ఎలర్జీ ఫ్రీ' అని రాసిన ఖరీదైన బిస్కెట్ల వెంట పడకండి. నేను పడ్డాను, డబ్బు వదిలింది, పిల్లాడి కడుపు నిండలేదు. బియ్యం, కందిపప్పు, బంగాళాదుంపలు, బొరుగులు చాలు. బొరుగులంటే మీ మరమరాలే. మావాణ్ని గట్టెక్కించింది ఉగ్గాని. బొరుగులు నీళ్లలో ముంచి గట్టిగా పిండి, ఉల్లిపాయ, పసుపు, కరివేపాకు పోపులో వేసి, పైన పప్పుల పొడి చల్లడమే. పుట్నాలతో చేస్తాం కాబట్టి కడుపు పట్టి ఉంటుంది, ఆ తొమ్మిదింట్లో ఒక్కటీ ఉండదు, చల్లారినా బాగుంటుంది. పుట్నాల ప్యాకెట్ మీద వేరుశనగ ఆడించే చోటే ప్యాక్ చేశామన్న మాట ఉందేమో చూసుకోండి. అలా రాయాలని చట్టమేమీ లేదు, కాబట్టి రాయనంత మాత్రాన లేదనీ కాదు. నేను ఒక కంపెనీనే పట్టుకుని వేలాడతాను.

ఇడ్లీలు ముక్కలు కోసి పోపులో వేసి ఇచ్చినా సరే. నిమ్మకాయ అన్నంలో పల్లీల బదులు శనగపప్పు వేయండి, కాసేపు నానబెట్టి వేస్తే పళ్లకి గట్టిగా తగలదు. పప్పన్నం పెట్టాలంటే ఫ్లాస్కు డబ్బాలో ముందు మరిగే నీళ్లు పోసి పది నిమిషాలుంచి పారబోసి, అప్పుడు పొగలు కక్కే అన్నం వేయండి. తరగతిలో ఎవరికైనా పాలు పడకపోతే నెయ్యి వద్దు. ఆ ఫ్లాస్కు మూత పిల్ల తనంతట తాను తీయగలదా అని ఇంట్లో పదిసార్లు తీయించండి. లంచ్‌కి ఇచ్చేది పాతిక నిమిషాలు, అందులో సగం మూతతోనే అయిపోతుంది. సంగటి మాత్రం వద్దు, నా మాట వినండి.

స్కూల్లోనే తినిపిస్తామంటే కాలిఫోర్నియా, మిన్నెసోటా లాంటి రాష్ట్రాల్లో ఆదాయంతో పని లేకుండా పిల్లలందరికీ ఉచితం. మా టెక్సాస్‌లో చాలా స్కూళ్లలో దరఖాస్తు పెట్టుకోవాలి. మీ పిల్లకే అలాంటి ఎలర్జీ ఉంటే డాక్టరు చేత కాగితం రాయించి ఇవ్వండి. ప్రభుత్వ భోజన పథకం ఉన్న స్కూలైతే అదనంగా డబ్బులడక్కుండా వేరే వంటకం ఇచ్చి తీరాలి.

ఇంతా చెప్పి భయపెట్టానేమో. నిజానికి మూడో నెలకి అంతా అలవాటైపోతుంది, ఒప్పుకుంటున్నా. మావాడి డబ్బా ఖాళీగా రావడం మొదలైంది దీపావళి దాటాకే. ఆ పక్క సీటు పాప మాఇంటికొచ్చి రెండుసార్లు ఉగ్గాని తింది, వాళ్లమ్మ ముందే ప్రతి ప్యాకెట్టూ చదివి సరేనన్నాక. ఇక ఆ పార్కింగ్ తమ్ముడికి ఒకే మాట: కొత్త మిక్సీ జారు కొన్నాక ఫోన్ చెయ్, పప్పుల పొడి కొలతలు చెబుతాను.