మెడ నుంచి వచ్చే తలనొప్పికి నరం బ్లాక్ (నరాన్ని మొద్దుబార్చే సూది): వెళ్లేముందు జాగ్రత్తలు

• రక్తం పలచబడే మందులు (వార్ఫరిన్, క్లోపిడోగ్రెల్ లాంటివి) వాడుతుంటే డాక్టర్‌కి ముందే చెప్పండి. సొంతంగా మాత్రం ఆపొద్దు.

• నొప్పి ఏ నరానిదో తేల్చడానికి చేసే బ్లాక్ అయితే, ఆ పూట నొప్పి మాత్ర వేసుకోవచ్చా అని అడగండి. వేసుకుంటే తగ్గింది సూదివల్లో మాత్రవల్లో తేలదు. సూది తర్వాత గంటగంటకీ మెడ మెల్లగా తిప్పి చూసి, నొప్పికి 0–10 మధ్య అంకె కాగితంమీద వేయండి. సూది మొద్దు ఉండేది కొన్ని గంటలే. రేడియోఫ్రీక్వెన్సీ (వేడితో నరాన్ని ఎక్కువకాలం మొద్దుబార్చే చికిత్స) చేయాలా వద్దా అన్నదానికి ఆ కాగితమే ఆధారం.

• పేస్‌మేకర్, గర్భం, జ్వరం, మెడమీద పుండు, మందుల అలర్జీ ఉంటే దాచొద్దు.

• షుగర్ ఉందా? సూదిలో స్టెరాయిడ్ కలిపితే కొన్నాళ్లు పెరుగుతుంది.

• సీ2–సీ3 (మెడలో రెండో, మూడో ఎముకల మధ్య) కీలు దగ్గరి నరం మొద్దుబారితే నడక తూలుతుంది. తోడు ఒకరు ఉండాలి, బండి నడపొద్దు.