మైక్రోపిపెట్ సరిగ్గా వదులుతోందా: నీళ్లు తూచి తేల్చుకునే పద్ధతి

మైక్రోపిపెట్ అంటే ల్యాబుల్లో కొద్దిపాటి ద్రవాన్ని కొలిచి పీల్చి వదిలే చేతి పరికరం. 1000 మైక్రోలీటర్లకు (అంటే ఒక మిల్లీలీటరుకు) పెట్టిన పిపెట్ పదిసార్లూ 988 దగ్గరే వదులుతుంటే దాని ప్రెసిషన్ బాగుంది, యాక్యురసీ బాగాలేదు. ఒకసారి 989, ఇంకోసారి 1006 వదులుతూ సగటున 999 దగ్గర తేలితే యాక్యురసీ ఫర్వాలేదు, ప్రెసిషన్ లేదు. మామూలు మాటల్లో రెంటినీ ఖచ్చితత్వమే అంటాం. కానీ ఈ రెండు జబ్బులకు మందులు వేరు. (ఐఎస్‌ఓ 5725 అనే అంతర్జాతీయ ప్రమాణం భాషలో సగటు అసలు విలువకు దగ్గరగా ఉండటాన్ని ట్రూనెస్ అంటారు, యాక్యురసీ అనేది రెంటినీ కలుపుకున్న మాట. ఇక్కడ ల్యాబుల్లో వాడుకలో ఉన్న అర్థమే తీసుకుందాం.)

ఒకే కొలతను ఎన్నిసార్లు తీసినా రీడింగుల చెదురు మాత్రమే బయటపడుతుంది. అన్నీ కలిసి ఒకే వైపుకు జరిగి ఉంటే ఆ సంగతి రీడింగులు చెప్పవు. దానికి బయటి ప్రమాణం ఒకటి కావాలి. పిపెట్ విషయంలో ఆ ప్రమాణం నీటి సాంద్రత, దాన్ని తూచే త్రాసు. కాబట్టి పని త్రాసుతోనే మొదలుపెట్టాలి.

1000 మైక్రోలీటర్ల పిపెట్‌కు 0.1 మి.గ్రా. వరకు చూపే త్రాసు సరిపోతుంది. 100 మైక్రోలీటర్ల లోపు పిపెట్లకైతే 0.01 మి.గ్రా. గానీ అంతకన్నా సూక్ష్మంగా గానీ చూపేది కావాలి. అయితే తెరమీద ఎక్కువ అంకెలు కనిపించినంత మాత్రాన త్రాసు నిజం చెబుతున్నట్టు కాదు. కనీసం గంటసేపు ఆన్‌లో ఉంచి, లెవెల్ బుడగ నడుమ ఉందో లేదో చూసి, సర్టిఫికెట్ ఉన్న ప్రామాణిక తూకపు రాయి పెట్టి చూడండి. ఎఫ్1 అనే నాణ్యతా తరగతికి చెందిన 1 గ్రాము రాయిలో 0.10 మి.గ్రా. వరకు తేడాను అనుమతిస్తారు. అంటే ఈ పనికి ఆ రాయి చాలు.

నీరు డిస్టిల్డ్ గానీ డీఅయొనైజ్డ్ గానీ కావాలి. నీరు, పిపెట్, దాని చివర తొడిగే టిప్‌లు కనీసం రెండు గంటలు అదే గదిలో ఉండాలి. వాటి మధ్య ఉష్ణోగ్రత తేడా ఉంటే పిపెట్ లోపలి గాలి వ్యాకోచించో సంకోచించో ఘనపరిమాణాన్ని మార్చేస్తుంది. పరీక్ష జరుగుతున్నంతసేపూ ఉష్ణోగ్రత అర డిగ్రీకి మించి మారకూడదు. గాలిలో తేమ 50 శాతానికి పైన ఉంటే ఆవిరి తగ్గుతుంది, స్థిరవిద్యుత్తు గోల కూడా తగ్గుతుంది.

ఆవిరి నష్టాన్ని ఊహించకండి, కొలవండి. ఒక్కో విడతకు (నీరు పీల్చి, పాత్రలో వదిలి, తూచడానికి) 30 సెకన్లు పడుతుందనుకుందాం. అడుగున కొంచెం నీరు పోసిన పాత్రను త్రాసు మీద 5 నిమిషాలు వదిలేసి, తగ్గిన బరువును 10తో భాగించండి. వచ్చిన విలువను ప్రతి రీడింగ్‌కూ కలపాలి.

ఇక పిపెట్ పట్టే తీరు. ఘనపరిమాణం పెట్టేటప్పుడు కావలసిన అంకె దాటి పైకి తిప్పి, మళ్లీ కిందికి దించుతూ అక్కడ ఆపండి. మరలో ఉండే వదులు ప్రతిసారీ ఒకే వైపు ఉండటానికే ఇది. కొత్త టిప్ తొడిగి, ఐదుసార్లు నీరు పీల్చి వదిలేయండి. పొడి టిప్‌తో మొదలుపెడితే లోపలి గాలిలోకి నీరు ఆవిరై, మొదటి రెండు మూడు రీడింగులు తక్కువ వస్తాయి. పీల్చేటప్పుడు పిపెట్ నిటారుగా ఉండాలి, టిప్ నీటిలో 2 నుంచి 3 మి.మీ. మాత్రమే మునగాలి. వాలుగా పడితే ఎక్కువ పీలుస్తుంది. లోతుగా ముంచితే బయట అంటుకున్న చుక్కలు కూడా తూకంలోకి వస్తాయి. బొటనవేలిని ఒక్కసారిగా వదలకుండా నిదానంగా పైకి రానిచ్చి, ఒక సెకను ఆగి, టిప్ బయటికి తీయండి. వదిలేటప్పుడు టిప్‌ను పాత్ర గోడకు 30 నుంచి 45 డిగ్రీల వాలులో ఆనించి, పైనున్న మీటను అది మొదటిసారి ఆగే చోటు (మొదటి ఆపు) దాకా నొక్కి, ఒక సెకను ఆగి, రెండో ఆపు దాకా నొక్కి, గోడ మీదుగా పైకి లాగండి. విడతకూ విడతకూ మధ్య పిపెట్‌ను చేతిలో పట్టుకుని కూర్చోకండి. చేతి వేడికి లోపలి గాలి వ్యాకోచిస్తుంది, పీల్చే నీరు తగ్గుతుంది.

ఇలా పదిసార్లు, ప్రతిసారీ త్రాసు మీది పాత్రలో పెరిగిన బరువు రాసుకుంటూ. ఐఎస్‌ఓ 8655 (పిపెట్లకు సంబంధించిన అంతర్జాతీయ ప్రమాణం) పద్ధతిలో గరిష్ఠ ఘనపరిమాణం దగ్గర, దాని సగం దగ్గర, పదో వంతు దగ్గర పదేసి రీడింగులు తీస్తారు. కింది అంకెలను వదిలేయవద్దు. 2 మైక్రోలీటర్ల తప్పు 1000 దగ్గర 0.2 శాతమే, 100 దగ్గర 2 శాతం.

ఉదాహరణగా 25 డిగ్రీల సెల్సియస్ దగ్గర, ఆవిరి నష్టం కలిపాక, మిల్లీగ్రాముల్లో ఈ రీడింగులు వచ్చాయనుకుందాం: 984.2, 985.1, 983.7, 984.6, 985.0, 984.1, 983.9, 984.8, 984.4, 985.2.

సగటు 984.5. దీన్ని నేరుగా మైక్రోలీటర్లు అనుకోవడం చాలామంది చేసే పొరపాటు. నీటి సాంద్రతను, గాలి ఉత్ప్లవనాన్ని (తూచే వస్తువును గాలి కాస్త పైకి నెట్టడాన్ని) లెక్కలోకి తీసుకుని మిల్లీగ్రాములను మైక్రోలీటర్లలోకి మార్చే జడ్ గుణకం ఉంటుంది: మామూలు వాతావరణ పీడనంలో 20 డిగ్రీల దగ్గర 1.0029, 25 డిగ్రీల దగ్గర 1.0040. 984.5ను 1.0040తో గుణిస్తే 988.4 మైక్రోలీటర్లు. అంటే 11.6 తక్కువ, 1.16 శాతం. ఈ సైజు పిపెట్‌కు అనుమతించే క్రమదోషం (సగటు ఒకే వైపుకు జరిగే తప్పు) ±8 మైక్రోలీటర్లు, అంటే 0.8 శాతం. పిపెట్ తప్పింది. గుణకం మరచిపోవడమే 0.4 శాతం తప్పు, అంటే అనుమతిలో సగం అక్కడే పోతుంది.

చెదురుకు ప్రామాణిక విచలనం కట్టాలి. ప్రతి రీడింగ్‌కూ సగటుకూ ఉన్న తేడాల వర్గాల మొత్తం 2.46. దీన్ని 10తో కాదు, 9తో భాగించి వర్గమూలం తీస్తే 0.52 మి.గ్రా., సగటులో 0.05 శాతం. అనుమతి 0.3 శాతం. ప్రెసిషన్‌కు వంక పెట్టలేం. 0.52ను 10 వర్గమూలంతో భాగిస్తే 0.17 వస్తుంది, సగటులో ఉన్న అనిశ్చితి అంత. 11.6 తేడా ముందు ఇది లెక్కలోకి రాదు. ఇంకో వంద రీడింగులు తీస్తే 0.17 ఇంకా తగ్గుతుంది. 11.6 మాత్రం అలాగే ఉంటుంది.

ఇప్పుడు తప్పు ఎక్కడుందో వెతకాలి. అదే త్రాసు మీద ఇంకో పిపెట్‌ను పరీక్షించండి. అదీ దాదాపు ఒక శాతం తక్కువ చూపితే అనుమానం త్రాసు మీదికో, పట్టే తీరు మీదికో పోవాలి. రెండోది సరిగ్గా ఉంటే, మొదటి పిపెట్‌నే మరొకరి చేత పట్టించండి. ఆ చేతిలో సరిపోతే తప్పు పట్టే తీరులో ఉంది. ఎవరి చేతిలోనైనా అంతే తక్కువ వస్తే టిప్ మార్చి చూడండి. పిపెట్‌కు సరిపడని టిప్ ప్రతిసారీ ఒకేలా తక్కువ ఇవ్వగలదు. తర్వాత లీకు పరీక్ష: పూర్తిగా నీరు పీల్చి, 20 సెకన్లు నిటారుగా పట్టుకోండి. చివర చుక్క వేలాడితే సీల్ గానీ, ఓ-రింగ్ గానీ అరిగింది, లేదా టిప్ తొడిగే చోట గీత పడింది. ఇవేవీ కాకపోతేనే కాలిబ్రేషన్ మర (పిపెట్ వదిలే పరిమాణాన్ని సరిదిద్దే మర) ముట్టుకోండి.

అదీ సరిచేయడానికి ముందు వచ్చిన రీడింగులు రాసిపెట్టాకే. ఈ పిపెట్‌తో గత పరీక్ష తర్వాత చేసిన ప్రయోగాల్లో ఎంత తప్పు చేరిందో చెప్పగలిగేవి ఆ అంకెలే. వాటిని చెరిపేసి "ఇప్పుడు బాగుంది" అని రాస్తే పాత ఫలితాలకు దిక్కుండదు.

989 నుంచి 1006 దాకా చెదిరే రెండో రకం పిపెట్‌కు మర తిప్పడం వృథా. సగటు ఇప్పటికే సరిగ్గా ఉంది. అక్కడ చూడవలసినవి బొటనవేలి వేగం, ముంచే లోతు, వదులుగా తొడిగిన టిప్, జిగురుపట్టిన పిస్టన్. పదింటిలో ఒక రీడింగ్ దూరంగా పడితే నచ్చలేదని కొట్టేయవద్దు. బుడగ వచ్చిందనో, చుక్క కింద పడిందనో ఆ క్షణంలోనే చూసి రాసుకున్నప్పుడు మాత్రమే దాన్ని తీసేసి, బదులుగా మరొకటి తీయండి.