కుక్కపిల్ల ఇంట్లోనే మూత్రం పోస్తోందా? ఎక్కడ, ఎప్పుడు పోస్తోందో ముందు చూడండి

తెల్లారేసరికి వాకిలి కడిగి ముగ్గేసే ఇళ్లు మనవి. అలాంటి ఇంట్లోకి రెండు నెలల కుక్కపిల్ల వస్తే పెద్దవాళ్లకు మొదటి వారంలోనే టెన్షన్ మొదలవుతుంది. "ఎవరికైనా ఇచ్చేయండి" అనే మాట కూడా వస్తుంది. అంతదూరం పోకముందే ఒకటి గమనించండి. కుక్కపిల్ల మొండితనంతోనో కసితోనో ఎక్కడా పోయదు. అది పోసిన చోటు, పోసిన వేళ చూస్తే కారణం చాలావరకు తెలిసిపోతుంది.

కాళ్లు తుడిచే పట్టా మీదే పోస్తోంది

ఏడు నుంచి తొమ్మిది వారాల వయసులోనే కాలికింద ఏం తగిలితే పోయాలో పిల్లకు అలవాటు పడుతుంది. మెత్తగా ఉండి తడిని పీల్చేదంటే దానికి ఇష్టం. అందుకే టైల్స్ వదిలేసి పట్టా, పరుపు అంచు, కిందపడిన బట్టలు వెతుక్కుంటుంది. కొన్నాళ్లు పట్టాలు తీసేయండి. మిద్దె మీదో పెరట్లోనో ఒక మూల గోనెసంచి ముక్క పరిచి అక్కడికే తీసుకెళ్లండి. మొదట్లో తడిసిన ముక్కను ఉతక్కండి, ఆ వాసన చూసి తర్వాత అదే వెళ్తుంది. నిద్ర లేవగానే, తిన్న అరగంటలోపు, ఆట ఆగగానే తప్పకుండా తీసుకెళ్లాలి.

ఎన్నిసార్లు కడిగినా అదే చోట పోస్తోంది

మన ఇళ్లలో ఎక్కువగా జరిగే పొరపాటు ఇక్కడే ఉంది. ఫినాయిల్ వేసి కడిగితే మనకు వాసన పోతుంది, పిల్లకు పోదు. మూత్రంలోని వాసన పదార్థాలు మామూలు కడుగుడుకు పూర్తిగా పోవు, బండల సందుల్లో నిలిచిపోతాయి. పైగా ఫినాయిల్ తడి మీద నడిచి ఆ పాదాలు నాకితే పిల్లకు ప్రమాదం. పిల్ల ఉన్నన్నాళ్లు ఆ సీసాను దయచేసి పక్కన పెట్టండి. తడిని ముందు పాతగుడ్డతో అద్ది తీయండి. తర్వాత పెంపుడు జంతువుల దుకాణాల్లో దొరికే ఎంజైమ్ క్లీనర్ (మూత్రం వాసనను మూలంలోనే పోగొట్టే ద్రావణం) పోసి, సీసా మీద రాసినంతసేపు వదిలేయండి. టైల్స్ అయితే వెనిగర్‌లో నీళ్లు కలిపి తుడవొచ్చు. కడప బండల మీద మాత్రం వెనిగర్ వద్దు, అది సున్నపురాయి కాబట్టి మెరుపు పోయి మచ్చ పడుతుంది.

బయట ఎంతసేపు తిప్పినా పోయదు, ఇంట్లోకి రాగానే పోస్తుంది

వీధిలో బండ్ల హారన్లు, వేరే కుక్కలు, కొత్త వాసనలు. వాటి మధ్య దానికి పోయాలన్న ధ్యాసే ఉండదు. పోయగానే మనం ఇంటికి లాక్కొస్తే, పోస్తే షికారు అయిపోతుందని కూడా నేర్చుకుంటుంది. కాబట్టి ఒకే మూలకు తీసుకెళ్లి కదలకుండా నిలబడండి. పోసిన వెంటనే, అక్కడికక్కడే మెచ్చుకుని, ఆట ఆ తర్వాత మొదలుపెట్టండి. టీకాలు పూర్తయ్యేదాకా, అంటే సుమారు నాలుగు నెలల వయసు వచ్చేవరకు, వీధికుక్కలు తిరిగే చోటికి తీసుకెళ్లొద్దు, మిద్దె చాలు. మే నెల ఎండలో మాత్రం మిద్దె కూడా పనికిరాదు. అరచేతి వెనకభాగం గచ్చుకు ఆనించి ఐదారు సెకన్లు ఉంచలేకపోతే పిల్ల పాదాలూ కాలతాయి. ఆ వేళకు బాత్‌రూమ్ మూల పేపరు పరచండి.

దగ్గరికి వెళ్లగానే ఒంగిపోయి కాస్త పోస్తుంది

ఇది భయం వల్లో, పట్టలేని సంతోషం వల్లో జరుగుతుంది. తిడితే ఎక్కువవుతుంది. మూతిని తడిలో రుద్దడం అసలు వద్దు, అలా చేస్తే మీ కంటపడకుండా మంచం కింద పోయడం నేర్చుకుంటుంది. మీద ఒంగకుండా పక్కకు తిరిగి కూర్చోండి, అదే దగ్గరికి వస్తుంది. పెరిగేకొద్దీ చాలావాటికి ఇది పోతుంది.

రాత్రిపూట పోస్తోంది

రెండు నెలల పిల్ల రెండుమూడు గంటలకు మించి ఆపుకోలేదు. నీళ్ల గిన్నె మాత్రం తీసేయకండి, మన ఊరి వేడికి అది మంచిది కాదు. రాత్రి తిండి కాస్త ముందుగా పెట్టి, మీ మంచం పక్కనే పడుకోబెట్టుకుంటే కుయ్యిమన్నప్పుడు వినబడుతుంది.

పలచగా, చెప్పాపెట్టకుండా దొడ్డికి పోతోంది

అవ్వ ప్రేమగా పాలన్నం పెడుతుంది. ఆవుపాలలోని లాక్టోజ్ అనే చక్కెర చాలా కుక్కపిల్లలకు అరగదు. పాలు ఆపి, కుక్కపిల్లల తిండిని వేళకు పెడితే దొడ్డికి వెళ్లే వేళలూ కుదురుతాయి. అవ్వ చేతులమీదుగానే ఆ తిండి పెట్టిస్తే ఆమెకూ తృప్తి. కానీ వాంతులతోపాటు రక్తం కలిసిన విరేచనాలు అవుతుంటే అది పార్వో అనే ప్రాణాంతకమైన వైరస్ జబ్బు కావచ్చు. ఒక్కపూట కూడా ఆగొద్దు, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

అంతా నేర్చుకుంది, ఇప్పుడు మళ్లీ మొదలుపెట్టింది

మాటిమాటికీ కొద్దికొద్దిగా పోయడం, ముక్కడం, ఎర్రగా రావడం కనిపిస్తే మూత్రనాళంలో ఇన్ఫెక్షన్ అయ్యుండొచ్చు. అది ట్రైనింగ్‌తో పోయేది కాదు, డాక్టరుకు చూపించాలి. తిరుపతిలో 1955 నుంచి పశువైద్య కళాశాల ఉంది, మీ పక్కవీధిలో నమ్మకమైన డాక్టరున్నా సరే. వెళ్లేముందు ఉదయం పోసిన మూత్రాన్ని శుభ్రమైన చిన్న డబ్బాలో పట్టుకెళ్తే పరీక్ష త్వరగా అవుతుంది.