వేరుశనగ రైతులకు: జీవమందు ముందే ఇవ్వండి, తెగులు చూశాక కాదు

కళ్యాణదుర్గం వైపు బోరు కింద వేసవి వేరుశనగ వేసిన ఒక రైతు మొన్న ఫొటోలు పంపాడు. మొక్క మొదట్లో తెల్లటి బూజు, దాని మీద ఆవగింజలంత గుండ్రటి గింజలు. కాండం కుళ్లు తెగులు. "అన్నా, మొక్కకు ఇమ్యూనిటీ వస్తుందని ట్రైకోడెర్మా రెండుసార్లు పోసినా ఆగలేదు" అన్నాడు. ఎప్పుడు పోశావని అడిగితే, మొక్కలు వాడిపోతుంటే చూసి పోశానన్నాడు.

చేలను ముంచుతున్న తప్పు ఇదే. ముంగారు (ఖరీఫ్) విత్తనం పడకముందే చెప్పాలని రాస్తున్నాను.

ట్రైకోడెర్మా, సూడోమోనాస్ లాంటి జీవమందులు, అంటే మేలుచేసే సూక్ష్మజీవులు, వేరును పట్టుకొని పెరిగితే మొక్క మేల్కొంటుంది. కణాల గోడలు గట్టిపడతాయి. బూజు గోడను కరిగించే కైటినేజ్ లాంటి ఎంజైములు వేగంగా తయారవుతాయి. దీనికి కొన్ని రోజులు పడుతుంది. బూజు కాండంలోకి దిగాక మొక్కకు ఆ వ్యవధి ఎక్కడిది? ఇల్లు కాలుతుంటే బావి తవ్వినట్టే. నిరోధక శక్తి తెగులు రాకముందు ఇచ్చేది, వచ్చాక కాదు.

విత్తనం దగ్గర: కిలో విత్తనానికి 10 గ్రాముల ట్రైకోడెర్మా విరిడి. గోనెపట్టా మీద పోసి, కొద్దిగా గంజి చిలకరించి, రెండు చేతులతో మెల్లగా దొర్లించండి. తడి ఎక్కువైతే పప్పు పైతోలు ఊడుతుంది. తోలు ఊడిన విత్తనంలోకి మొదలు కుళ్లు అనే ఇంకో తెగులు తేలిగ్గా దూరుతుంది. నీడలో ఆరబెట్టి అదే రోజు విత్తండి.

భూమిలో: ఎకరాకు 2 కిలోల ట్రైకోడెర్మా, 90 కిలోల మాగిన పశువుల ఎరువు, 10 కిలోల వేపపిండి. కలిపి నీడలో కుప్పపోసి, తడి ఆరనీయకుండా గోనెపట్టా కప్పి వారం పది రోజులు మాగబెట్టాలి. వాన పడ్డాక మొదలుపెడితే పదును పోతుంది. ఇప్పుడే కుప్ప వేయండి. మళ్లీ చెబుతున్నా, తెగులు కనబడక ముందే.

ఇంకో మాట. ట్రైకోడెర్మా కూడా శిలీంధ్రమే, ప్రాణమున్న మందు. బూజును చంపే రసాయన మందు కార్బెండజిమ్‌తో కలిపి ఒకే బకెట్‌లో వేస్తే డబ్బు పెట్టి కొన్నదాన్ని మీ చేత్తోనే చంపినట్టు. విత్తనానికి కార్బెండజిమ్ పట్టిస్తే ట్రైకోడెర్మాను ఎరువులో మాగబెట్టి భూమికి ఇవ్వండి. నత్రజని అందించే బ్యాక్టీరియా రైజోబియం కూడా పట్టిస్తే అన్నిటికన్నా చివర్లో.

మిగతావి వరుసగా చెబుతాను.

ప్యాకెట్ మీద తేదీ చూడండి. ఎండలో పెట్టి అమ్మేది కొనొద్దు.

కదిరి లేపాక్షి లాంటి తట్టుకునే రకం వేసినా సరే, విత్తనశుద్ధి మానొద్దు.

పోయినేడు కాండం కుళ్లు వచ్చిన చేనులో ఈసారి వేరుశనగ వద్దు. ఆ ఆవగింజల్లాంటివి మట్టిలో ఏళ్ల తరబడి బతుకుతాయి. జొన్నో సజ్జో వేయండి.

ముప్పై రోజులు దాటాక ఆకు తిప్పి చూడండి. పైన పసుపు వలయంతో గోధుమ మచ్చ ఉన్నా, అడుగున నల్లమచ్చ ఉన్నా తిక్క తెగులే. అప్పుడు ఇమ్యూనిటీ మాట ఎత్తొద్దు. లీటరు నీటికి 2 మిల్లీలీటర్ల హెక్సాకొనజోల్ కొట్టండి. "చూద్దాంలే, మొక్కే తట్టుకుంటుంది" అని వారం ఆగితే ఆకు రాలిపోతుంది, కాయ ఊరదు.

మొక్క మొదట్లోకి మట్టి ఎగదోయొద్దు. కాండం కుళ్లుకు అదే దారి.

45 రోజులు దాటాక చేనులోకి గుంటక దించొద్దు, కాయ కట్టే ఊడలు తెగుతాయి.

చచ్చిన మొక్కను గట్టు మీద పారేయొద్దు. వేరుతో సహా పీకి కాల్చేయండి.

ఎవరో ఏదో సీసా చూపించి "తెగులు వచ్చాక కొట్టినా మొక్కకు ఇమ్యూనిటీ వస్తుంది" అంటే కొనొద్దు. ఆ డబ్బుతో ఈ వారమే ట్రైకోడెర్మా, వేపపిండి తెచ్చి కుప్ప వేయండి.