ఊరికి తోబుట్టువు ఊరు – మూడో పాఠం: ఆ ఉత్తరం మళ్లీ రాద్దాం

పోయిన పాఠం చివర ఉబెరాబా మేయర్‌కి మొదటి ఉత్తరం రాసి నాకు పంపమన్నాను. పదకొండు వచ్చాయి. ఈసారి ఒప్పందం ముసాయిదా మొదలుపెట్టాలి, కానీ ఆ పదకొండూ చదివాక ముసాయిదా పక్కన పెట్టేశాను. ఈ ఉత్తరాలతో ఒప్పందం దాకా వెళ్లేది లేదు.

కొత్తగా చేరినవాళ్ల కోసం ఒక్క ముక్క. మన ఊరికి విదేశంలో ఒక తోబుట్టువు ఊరిని, అంటే సోదర నగరాన్ని, ఎలా జత చేసుకోవాలో ఈ పాఠాల్లో చూస్తున్నాం. ఉబెరాబా బ్రెజిల్‌లో, మీనాస్ జెరాయిస్ రాష్ట్రంలో ఉంది. మూపురం ఉండే పశువుల్ని వాళ్లు జెబు అంటారు. వాటి పెంపకందార్ల సంఘం ప్రధాన కార్యాలయం, ఏటా జరిగే ఎక్స్‌పోజెబు ప్రదర్శన, జెబు మ్యూజియం, మూడూ ఆ ఊళ్లోనే. మన ఒంగోలు గిత్త అక్కడ ‘నెలోరే’. అందుకే ఒంగోలుకి తోబుట్టువుగా ఆ ఊరిని ఎంచుకున్నాం.

కావలి నుంచి ఒకాయన పేచీ పెట్టారు. పేరులోనే నెల్లూరు ఉంది కాబట్టి ఉత్తరం నెల్లూరు నుంచే వెళ్లాలట. అయ్యా, 1904లో గుంటూరు జిల్లా ఏర్పడేదాకా ఒంగోలు తాలూకా నెల్లూరు జిల్లాలోదే. ఆ పశువులకు జిల్లా పేరు అంటుకుంది, అంతే. వచ్చిన మెయిల్‌కి పది రోజుల్లో జవాబు రాసే ఓపిక ఎవరికుందో వాళ్లే రాయండి. నెల్లూరైనా ఒంగోలైనా నాకు అభ్యంతరం లేదు.

చిన్న తప్పులు గబగబా చెప్పేస్తాను. ఇద్దరు స్పానిష్‌లోకి మార్చి పంపారు. బ్రెజిల్‌లో మాట్లాడేది పోర్చుగీసు. ఒకరు ‘మీరు 40 కోట్లకు కొన్న మా ఆవు’ అని రాశారు. వాళ్లు చెప్పేది బ్రెజిల్‌లోని వియాటినా-19 అనే నెలోరే ఆవు గురించి. అందులో 2023లో వేలం వేసింది మూడో వంతు వాటా. దాన్ని బట్టి మొత్తం విలువ లెక్కగట్టారు తప్ప ఎవరూ ఒక్కసారిగా 40 కోట్లు లెక్కపెట్టి ఇవ్వలేదు. ఇంకొకరు మంచి ఆబోతు వీర్యం నింపిన సన్నని గొట్టాలు (స్ట్రాలు) కానుకగా పంపుతామని మాటిచ్చేశారు! 2002 నాటి జీవవైవిధ్య చట్టం ఉంది, పశు సంపద దేశం దాటాలంటే అనుమతులున్నాయి. ఆ వాక్యం కొట్టేయండి.

ఇక అసలు తప్పు. పదకొండులో ఎనిమిది ఉత్తరాలు దీనితోనే మొదలయ్యాయి. ‘మా గడ్డ మీద పుట్టిన జాతిని మీరు తీసుకెళ్లి కోట్లు గడించారు.’ ‘మా గిత్తల వల్లే మీ దేశం ఈ స్థాయికి వచ్చింది.’ ‘ఆ రుణం తీర్చుకునే అవకాశం మీకిస్తున్నాం.’ ఈ మూడోది రాసింది రిటైరైన లెక్చరర్. చదివి కాసేపు లేచి వరండాలో తిరిగొచ్చాను.

మొదటిది, వాళ్లు ఎత్తుకెళ్లలేదు, కొనుక్కున్నారు. 1878లో ఒక బ్రెజిల్ పశుపోషకుడు మన జాతి పశువుల్ని కొన్నది జర్మనీలో, హాంబర్గ్ జూలో. 1960ల మొదట్లో వచ్చినవాళ్లు ఇక్కడ మన రైతుల దగ్గరే బేరమాడి కొన్నారు. అమ్మింది మనం. రెండోది, వాళ్లు వంశవృక్షం రాసిపెట్టుకున్నారు. ఏ దూడకు తండ్రెవరో, తాతెవరో పుస్తకంలో ఉంటుంది. ఇవాళ ఆ దేశంలో 20 కోట్లకు పైగా ఉన్న పశువుల్లో ఎక్కువ భాగం నెలోరే రక్తం ఉన్నవే. మన పల్లెల్లో కాడి కట్టే జత ఎన్ని ఇళ్లలో ఉందో మీకే తెలుసు.

మూడోది అన్నిటికన్నా ముఖ్యం. ఆ ఉత్తరాన్ని ముందు చదివేది మేయర్ కాదు, అక్కడి గుమస్తా. నేను ముప్పై ఏళ్లు మున్సిపల్ ఆఫీసులో ఆ కుర్చీలోనే కూర్చున్నాను. ‘మీ ఊరు మాకు బాకీ’ అనే అర్థం వచ్చే కాగితం తపాల్లో కనిపిస్తే ఏం చేస్తాం? లీగల్ సెక్షన్‌కి మార్క్ చేసి టీకి వెళ్తాం. అది మళ్లీ బయటికి రాదు. పెళ్లిచూపులకెళ్లి పాత బాకీ పద్దు తీస్తే కాఫీ కూడా రాదు.

దీనికి తిరగేసిన రకం ఒకటుంది. ఒకావిడ గోమాత మీద పేజీన్నర రాశారు. అక్కడ నెలోరేని పెంచేది ప్రధానంగా మాంసం కోసం. అది మీకు గిట్టకపోతే వేరే ఊరు చూసుకోండి, తప్పేం లేదు. ఆ ఊరే కావాలనుకుంటే మాత్రం మొదటి ఉత్తరంలో హితబోధ వద్దు.

నేనూ ఇలాగే దెబ్బతిన్నాను. సర్వీసులో ఉండగా యూరప్‌లో ఒక చిన్న ఊరికి నాలుగు పేజీలు రాశాం. వాణిజ్యం, విద్య, సంస్కృతి, పర్యాటకం, అన్నీ. శాలువా కప్పుతున్న ఫొటో కూడా జత చేశాం. ఐదు నెలలకు రెండు లైన్లు వచ్చాయి: ‘సంతోషం. ఇంతకీ మా నుంచి మీకు కావాల్సిందేమిటి?’ మా దగ్గర జవాబు లేదు. ఫైలు అక్కడే ముగిసింది.

రెండో ప్రపంచ యుద్ధం మధ్యలో ఇంగ్లండ్‌లోని కోవెంట్రీ ఆడవాళ్లు ఏం చేశారో చూడండి. ఒక బల్లగుడ్డ మీద 830 మంది తమ పేర్లు కుట్టి, తలా ఆరు పెన్నీలు వేసి రష్యాలోని స్టాలిన్‌గ్రాడ్‌కి పంపారు. 1944లో రెండు ఊళ్లూ జతకట్టాయి. గుడ్డ ముందు, కాగితం తర్వాత. (2022లో ఉక్రెయిన్ యుద్ధం వచ్చాక కోవెంట్రీ ఆ బంధాన్ని ఆపేసింది. కాబట్టి ఇది శాశ్వతమని ఎవరికీ మాటివ్వకండి.)

నేనైతే ఇలా రాస్తాను. మేయర్‌కి కాదు, మ్యూజియానికి. నకలు మాత్రం మేయర్ ఆఫీసుకి.

‘జెబు మ్యూజియం నిర్వాహకులకు నమస్కారం. మాది ఆంధ్రప్రదేశ్‌లోని ఒంగోలు. మీ నెలోరేని మేము ఒంగోలు జాతి అంటాం. మా పక్కనున్న కరవది గ్రామం పేరుతో ఒక ఆబోతు 1960ల మొదట్లో మీ దేశానికి వచ్చింది. దాని ఫొటో మీ దగ్గర ఉంటే కాపీ ఒకటి పంపగలరా? కరవది బడి గోడకు పెట్టుకుంటాం. ఇప్పుడు ఆ ఊళ్లో ఉన్న గిత్తల ఫొటోలు ఐదు, పెంచేవాళ్లు వాటి గురించి చెప్పిన మాటలతో సహా పంపుతున్నాం.’

అంతే. సోదర నగరం అనే మాటే లేదు చూశారా? అది మూడో ఉత్తరంలో వస్తుంది, వీలైతే వాళ్ల నోటితోనే రానివ్వాలి. డబ్బు మాట అసలు వద్దు. మీ సంఘం ఖాతాలో విదేశీ సొమ్ము పడాలంటే 2010 నాటి విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద రిజిస్ట్రేషనో, ముందస్తు అనుమతో ఉండాలి. సంతకం బడి హెడ్మాస్టరుదో, క్లబ్బు కార్యదర్శిదో చాలు. ఇప్పుడే మన మేయర్‌ని లాగితే ఫైలు పుడుతుంది. విదేశాలతో ఒప్పందాలు కేంద్రం జాబితాలోవి కాబట్టి అది రాష్ట్ర ప్రభుత్వం మీదుగా ఢిల్లీలో విదేశాంగ శాఖ దాకా నడవాలి. చూపించడానికి రెండు జవాబులైనా చేతిలో లేకుండా ఆ ఫైలు కదిలించడం నాకిష్టం లేదు. కౌన్సిల్ తీర్మానం ఎలా పెట్టించాలో మీకు తెలిసిందే, అది వదిలేస్తున్నాను.

చీమకుర్తి నుంచి ముగ్గురు అడిగారు, గ్రానైట్ ఉంది కదా, ఇటలీలో పాలరాయి తవ్వే కరారాకి రాయొచ్చా అని. రాయండి. కానీ కరారాకి రాసే ఉత్తరంలో కరారు మాట ఎత్తొద్దు. అక్కడి క్వారీలో రాయి కోసేవాళ్ల ఫొటో ఒకటి అడగండి, మీ క్వారీది ఒకటి పంపండి.

అభ్యాసం: కరవదికో, చదలవాడకో వెళ్లి గిత్తల్ని పెంచే ఒక రైతు దగ్గర గంట కూర్చోండి. ఫోన్ జేబులో పెట్టి కాగితం మీద రాసుకోండి. మూపురం, గంగడోలు లాంటివి మీకూ తెలుసు. మీకు తెలియని మాటలు ఆయన నోట ఐదు పట్టుకురండి, ఒక్కోదానికి ఒక ఫొటో తీయండి. ఆ ఐదింటినీ ఉత్తరంతో జతచేసి పోర్చుగీసు తెలిసినవాళ్లతో చదివించి, ఆ తర్వాతే నాకు పంపండి. మూడు వారాలు గడువు.

మ్యూజియానికి ఫోన్ చేయాలనుకునేవాళ్లు సాయంత్రం ఐదున్నర దాటాక చేయండి. వాళ్లు మనకన్నా ఎనిమిదిన్నర గంటలు వెనక, అప్పటికి అక్కడ ఉదయం తొమ్మిది. ఒకాయన పొద్దున పదింటికి చేసి ‘ఎవరూ ఎత్తడం లేదు’ అని నాకు రాశారు. అక్కడ అప్పుడు రాత్రి ఒకటిన్నర అయ్యా.