ల్యాప్‌టాప్ నెట్‌వర్క్ బూట్ అవట్లేదా? సర్వర్ ముట్టుకోకండి, ముందు బోదె చూడండి

మొన్నామధ్య భీమవరంలో ఒక రొయ్యల ఎగుమతి ఆఫీసుకి 22 కొత్త ల్యాప్‌టాప్‌లొచ్చాయండి, పెన్‌డ్రైవ్ పట్టుకుని ఒక్కోదాని ముందూ కూర్చుంటే వారం పోద్దని ఫాగ్ (చాలా కంప్యూటర్లకి నెట్‌వర్క్ మీంచి విండోస్ దింపే సాఫ్ట్‌వేర్) సర్వర్ పెట్టి నెట్‌వర్క్ మీంచే విండోస్ ఇమేజ్, అంటే సిద్ధం చేసిన డిస్కు నకలు, దింపుదామనుకున్నా. మొదటిది చక్కగా దిగింది, పక్క టేబుల్ మీద రెండోది అసలు బూటే అవలేదు. ఇక నేను సర్వర్ మీద పడి రెండు గంటలు సెట్టింగులన్నీ కెలికేశా. శివారు చేలోకి నీళ్లు రాకపోతే ఎవరూ తిన్నగా ధవళేశ్వరం ఆనకట్టకి బయల్దేరరు కదండీ, ముందు చేలోకొచ్చే చిన్న కాలవ, బోదె చూస్తారు, తర్వాత కాలవ, ఆ తర్వాతే లాకులు. నాకా మాత్రం బుర్ర లేకపోయింది.

తీరా చూస్తే గోడ జాక్. మా వైపు ఉప్పుగాలికి లోపల పిన్నులు పచ్చగా చిలుం పట్టేస్తాయి. పీఎక్స్ఈ అంటే నెట్‌వర్క్ మీంచి బూటయ్యే పద్ధతి, స్క్రీన్ మీద పీఎక్స్ఈ-ఈ61 అని కనపడితే లింకే లేదని అర్థం, కేబుల్ మార్చి చూడండి. ఇంకో మోసం ఉంది, లైటు వెలుగుద్ది గానీ ఒక తీగ పోయుంటే స్పీడు సెకనుకి 100 మెగాబిట్లకి పడిపోద్ది, ఎందుకంటే గిగాబిట్‌కి నాలుగు జతలూ కావాలి, వందకి రెండు జతలు చాలు. అప్పుడు సెకనుకి 12 మెగాబైట్లు మించి రాదు, 30 జీబీ ఇమేజ్‌కి నలభై నిమిషాలు కూర్చోవాలి.

కేబుల్ బాగుండి ఈ51 గానీ ఈ16 గానీ వస్తే డీహెచ్‌సీపీ (ఐపీ అడ్రస్‌లు పంచేది) నుంచి సరైన జవాబు రాలేదన్నమాట. మేనేజ్డ్ స్విచ్ (సెట్టింగులు మార్చుకోగలిగేది) అయితే పోర్ట్‌ఫాస్ట్ (పోర్టుని వెంటనే తెరిచే సెట్టింగు) ఉందో లేదో చూడండి, లేకపోతే స్పానింగ్ ట్రీ (నెట్‌వర్క్‌లో చుట్లు పడకుండా చూసేది) అరనిమిషం పోర్టు తెరవదు, ఈలోపు ల్యాప్‌టాప్ విసిగిపోయి ఊరుకుంటది. మధ్యలో మామూలు ఐదు పోర్టుల స్విచ్ ఒకటి పెట్టి చూస్తే విషయం తేలిపోద్ది.

ఐపీ వచ్చి ఈ53 అంటే బూట్ ఫైలు పేరు అందలేదు. నెట్ వాళ్లిచ్చిన రౌటర్లలో చాలావాటికి ఆప్షన్ 66, 67 (బూట్ సర్వరూ ఫైలు పేరూ చెప్పే సెట్టింగులు) పెట్టే చోటే ఉండదు, దాంతో కుస్తీ పట్టకుండా సర్వర్‌లో డీఎన్ఎస్‌మాస్క్ అనే చిన్న ప్రోగ్రామ్‌ని ప్రాక్సీగా పెట్టేసుకోండి, ఐపీలు రౌటరే ఇస్తది, ఫైలు పేరు ఇది చెప్తది. యూఈఎఫ్ఐ (పాత బయోస్ స్థానంలో వచ్చింది) మెషీన్లకి ఎస్ఎన్‌పీఓన్లీ.ఈఎఫ్ఐ ఫైలు ఇవ్వాలి, పాత బయోస్‌కిచ్చే అన్‌డీఐఓన్లీ ఇస్తే ముందుకి కదలదు. ఈ32 వస్తే టీఎఫ్‌టీపీ (బూట్ ఫైలు పంపే పద్ధతి) జవాబివ్వట్లేదు, దాని పోర్టు యూడీపీ 69 ఫైర్‌వాల్ దగ్గర ఆగుతోందేమో చూడండి. ఫైలు దిగాక సెక్యూరిటీ అని ఏదో అరిస్తే బయోస్‌లో సెక్యూర్ బూట్ (నమ్మకం లేని బూట్ ఫైళ్లని ఆపేది) ఆపండి, పనయ్యాక మర్చిపోకుండా మళ్ళీ ఆన్ చేయాలి సుమా.

మెనూ వచ్చి డిస్కే లేదంటోందా? బయోస్‌లో ఇంటెల్ వీఎండీ (డిస్కుల్ని తన చేతిలో పెట్టుకునే సెట్టింగు) ఆన్‌లో ఉందేమో చూసి మామూలు పద్ధతి ఏహెచ్‌సీఐకి మార్చండి. అలాగే ఇమేజ్ తీసే మెషీన్‌లో బిట్‌లాకర్ (డిస్కుకి విండోస్ వేసే తాళం) ఉంటే డిక్రిప్ట్ పూర్తిగా అయ్యేదాకా ఆగి, సిస్‌ప్రెప్ (ఆ మెషీన్ సొంత గుర్తులు తుడిచేసే విండోస్ పనిముట్టు) కొట్టి అప్పుడు తీయండి, లేదంటే ఖాళీ జాగాతో సహా డిస్కంతా ఎత్తుకొస్తది.

అన్నిటికన్నా నన్ను ఏడిపించింది యూఎస్‌బీ లాన్ డాంగిల్ అండి. ఈ సన్న ల్యాప్‌టాప్‌లకి లాన్ పోర్టుండదు, నా దగ్గరేమో రెండే డాంగిల్స్. ఫాగ్ మెషీన్‌ని గుర్తుపట్టేది మ్యాక్ అడ్రస్‌తో, అంటే లాన్ పరికరానికుండే గుర్తింపు నంబరుతో, ఆ మ్యాక్ డాంగిల్‌ది. మొదటిదాన్ని అకౌంట్స్ అని రిజిస్టర్ చేశానా, అదే డాంగిల్ పెట్టిన ప్రతిదీ అకౌంట్స్ పేరుతోనే లేచింది! రిజిస్టర్ చేసింది తీసేసి, మెనూలో డిప్లాయ్ ఇమేజ్ నొక్కి దింపుకోండి, పేర్లు తర్వాత పెట్టుకోవచ్చు. బయోస్‌లో మ్యాక్ పాస్‌త్రూ (డాంగిల్‌ది కాకుండా ల్యాప్‌టాప్ సొంత మ్యాక్ చూపించేది) ఉంటే ఇంకా మంచిది గానీ దానికి సాధారణంగా అదే కంపెనీ డాంగిల్ కావాలి.

పదిహేడో దాని దగ్గర వానొచ్చి కరెంటు పోయింది. ల్యాప్‌టాప్‌కి బ్యాటరీ ఉంది, సర్వర్‌కి యూపీఎస్ ఉంది, స్విచ్‌కే ఏమీ లేదు. ఫాగ్ ఆగిన చోటునుంచి అందుకోదు, మొదట్నుంచే. స్విచ్ ప్లగ్గు కూడా యూపీఎస్‌లోకి మార్చి మళ్ళీ బూట్ కొట్టా.