పెన్‌డ్రైవ్‌లో రికార్డు చేసిన టీవీ కార్యక్రమం ఫోన్‌లోకి: మా ఇంటి పద్ధతి

మా అత్తయ్యకు డీడీ సప్తగిరిలో వచ్చే హరికథలు కావాలి. మా నాన్నకు వ్యవసాయ కార్యక్రమాలు కావాలి. ఆ టైముకి ఇద్దరూ టీవీ ముందు ఉండరు. ఆవిడ వంటింట్లో, ఈయన కొబ్బరితోటలో. తోటలో సిగ్నల్ ఒక గీత దాటదు కాబట్టి యూట్యూబ్ ఊసే లేదు. అందుకని ఫ్రీడిష్ బాక్సుకి పెన్‌డ్రైవ్ పెట్టి రికార్డు చేయడం, ఫోన్‌లో చూసేలా మార్చి ఇవ్వడం నా డ్యూటీ అయింది.

ఇదంతా ఉచిత ప్రసారాల సంగతి. నెలనెలా డబ్బు కట్టే డీటీహెచ్ బాక్సుల రికార్డింగులకు మామూలుగా తాళం ఉంటుంది, ఆ బాక్సులో తప్ప ఇంకెక్కడా ఆడవు. వాటితో కుస్తీ పట్టకండి. ఇంకోటి, మన ఇంట్లో చూసుకోవడం వరకే. దూరదర్శన్ వాళ్ల కార్యక్రమాన్ని మన ఛానెల్లో ఎక్కించే ఆలోచన ఉంటే ఇక్కడే ఆగిపోండి.

పెన్‌డ్రైవ్‌ని కంప్యూటర్లో కాకుండా బాక్సులోనే ఫార్మాట్ చేయించండి. అప్పుడు బాక్సు గుర్తుపట్టలేదన్న గొడవ ఉండదు. రికార్డు అవుతుండగా ఛానెల్ మార్చొద్దని ఇంట్లో అందరికీ చెప్పి పెట్టండి, ముఖ్యంగా క్రికెట్ ఉన్న రోజు. మధ్యలో కరెంటు పోతే కంగారు పడక్కర్లేదు. బాక్సు రాసేది టీఎస్ అనే రకం ఫైలు, అది ఎక్కడ తెగితే అక్కడిదాకా మామూలుగా ఆడుతుంది. గంట కార్యక్రమానికి ఒకటి, ఒకటిన్నర జీబీ అవుతుంది. పొడవాటి కార్యక్రమాలను మా బాక్సు 000, 001 అని ముక్కలు చేసి పెడుతుంది. కంప్యూటర్లో ఎవిడెమక్స్ అనే వీడియో ఎడిటింగ్ ప్రోగ్రాములో మొదటిది తెరిచి, మిగతావి వరసగా అపెండ్ చేసి (వెనక అతికించి), వీడియో, ఆడియో రెండూ కాపీలోనే ఉంచి, అవుట్‌పుట్ ఫార్మాట్‌గా ఎంపెగ్ టీఎస్ ఎంచుకుని సేవ్ చేస్తే ఒకే ఫైలు అవుతుంది.

ఆ ఫైలుని నేరుగా ఫోన్‌లో వేసి వీఎల్‌సీలో చూడొచ్చు కదా అంటారు. చూడొచ్చు. కానీ బ్యాటరీ త్వరగా అయిపోతుంది, ముందుకీ వెనక్కీ జరపాలంటే సతాయిస్తుంది. అసలు చిక్కు వేరే ఉంది. హరికథ చెప్పేవారు చిడతలు వాయిస్తూ చెయ్యి ఊపగానే ఆ చేతి అంచంతా దువ్వెన పళ్లలా అడ్డగీతలు పడుతుంది. కారణం ఏమిటంటే, ఈ ప్రసారంలో సెకనుకు 25 ఫ్రేములు. ఒక్కో ఫ్రేములో బేసి గీతలు ఒక క్షణానివి, సరి గీతలు సెకనులో 50వ వంతు తర్వాతవి. పాత డబ్బా టీవీ వాటిని ఒకదాని తర్వాత ఒకటి గీసేది కాబట్టి తెలిసేది కాదు. ఫోన్ తెర రెండింటినీ కలిపి ఒకేసారి చూపిస్తుంది, ఈలోగా చెయ్యి కాస్త జరిగిపోయి ఉంటుంది. ఫోన్‌లో చూడటానికి మార్చడమంటే నా దృష్టిలో ముఖ్యంగా ఈ గీతలు తీయడమే. సైజు తగ్గడం ఆ తర్వాతి సంగతి.

ముందు కంప్యూటర్లో వీఎల్‌సీలో ఫైలు తెరిచి, టూల్స్‌లో కోడెక్ ఇన్ఫర్మేషన్ చూడండి. ఎంపెగ్-2, 720 బై 576 అని ఉంటే కింద చెప్పినదంతా మీకే. హెచ్.264 అని ఉండి గీతలేమీ లేకపోతే బొమ్మని ముట్టుకోవద్దు. ఎవిడెమక్స్‌లో వీడియో కాపీ, ఆడియో ఏఏసీ, అవుట్‌పుట్ ఎంపీ4 పెట్టుకుంటే నిమిషాల్లో పని అయిపోతుంది.

గీతలు తీసి మార్చడానికి నేను వాడే ప్రోగ్రాము హ్యాండ్‌బ్రేక్. ఉచితం, విండోస్‌లో, మ్యాక్‌లో, లైనక్స్‌లో పనిచేస్తుంది. ఆన్‌లైన్ కన్వర్టర్ల జోలికి పోకండి, జీబీల ఫైలు వాళ్లకి అప్‌లోడ్ చేసేలోపు కార్యక్రమం చూడటం కూడా అయిపోతుంది. ఫైలు తెరిచాక ప్రీసెట్లలో ఫాస్ట్ 576పీ25 తీసుకోండి. ఫిల్టర్స్‌లో డీఇంటర్‌లేస్ (ఆ దువ్వెన గీతలు తీసేది ఇదే) దగ్గర యాడిఫ్ పెట్టండి. కూర్చుని మాట్లాడుకునే కార్యక్రమాలకు డీఫాల్ట్ చాలు. కూచిపూడి, కబడ్డీ లాంటివైతే బాబ్ (బేసి గీతలతో ఒకటి, సరి గీతలతో ఒకటిగా ఒక్కో ఫ్రేమునీ రెండు చేసేది) అని ఎంచుకుని, ఫ్రేమ్ రేటు కూడా 50కి మార్చండి. బాబ్ పెట్టి రేటు 25లోనే వదిలేస్తే ప్రయోజనం లేదు. గజ్జెల కాళ్ల కదలిక టీవీలో ఉన్నంత సాఫీగా రావాలంటే రెండూ కావాలి.

క్వాలిటీ ఆర్ఎఫ్ 18 నుంచి 22 మధ్యలో ఉంచండి. అంకె తగ్గేకొద్దీ బొమ్మ బాగుంటుంది, ఫైలు పెరుగుతుంది. నేను 21 పెడతాను. చిన్న తెరే కదా అని 360కి దించేయమని సలహా ఇచ్చేవాళ్లున్నారు. మా నాన్న లీటరు నీటికి ఎన్ని మిల్లీలీటర్ల మందో తెర మీద ఆపి రాసుకుంటారు. అక్కడ 3 చూసి 8 అనుకుంటే పంట సంగతి ఏం కాను? అలాగని 1080కి పెంచినా లాభం లేదు, రికార్డింగులో లేనిది ఎక్కణ్ణుంచి వస్తుంది? ఆటోమేటిక్ క్రాప్ మీద కూడా ఓ కన్నేయండి, కింద స్క్రోలింగ్ తెగిపోకుండా.

ఫోన్‌లో మొహాలు సన్నగా, నిలువుగా సాగినట్టు కనిపిస్తే డైమెన్షన్స్‌లో అనమార్ఫిక్ (బొమ్మను ఇరుకుగా దాచి, చూపేటప్పుడు వెడల్పు చేసే పద్ధతి) తీసేసి, వెడల్పు 1024, ఎత్తు 576 చేయండి. పాత చదరపు బొమ్మల కార్యక్రమాలకైతే వెడల్పు 768.

ఆడియో ఏఏసీ, మాటలకు బిట్‌రేట్ 96 సరిపోతుంది. కచేరీలకు 160 కంటే తగ్గించకండి. తంబూరా శ్రుతి ముందు పాడైపోతుంది. రేంజ్‌ని సెకన్లకు మార్చి, మొదట్లో చివర్లో వచ్చే వేరే కార్యక్రమం ముక్కలు కత్తిరించండి. తర్వాత ప్రీవ్యూలో కదలిక ఎక్కువున్న చోటు చూసుకుని 30 సెకన్లు మాత్రం తయారు చేయించి, ఫోన్‌లో వేసి చూడండి. గీతలు పోయాయా, గొంతు పెదవులతో కలుస్తోందా? బాగుంటేనే మొత్తం పెట్టి భోజనానికి లేవండి.

ఫోన్‌లోకి కేబుల్‌తోనే వేస్తాను, ఫైల్ ట్రాన్స్‌ఫర్ అని ఎంచుకుని మూవీస్ ఫోల్డర్లోకి. ఊళ్లో ఉన్న పిన్నికి వాట్సాప్‌లో పంపేటప్పుడు మాత్రం గ్యాలరీలోంచి వీడియోగా కాదు, డాక్యుమెంట్‌గా పంపుతాను. వీడియోగా పంపితే వాట్సాప్ మళ్లీ కుదించేస్తుంది, మనం పడ్డ శ్రమంతా బూడిదలో పోసిన పన్నీరే. డాక్యుమెంట్‌గా 2 జీబీ వరకు వెళ్తుంది, గంట హరికథ అందులో హాయిగా పడుతుంది.